ఎల్ ఫారో రిపోర్ట్: ఫ్రీగా దొరుకుతుంది, ఓపిక ఉంటే చదవండి

అమెరికాలో రవాణా ప్రమాదాల మీద దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ వాళ్ళ సైట్‌లో ఎల్ ఫారో మునక మీద రిపోర్ట్ పీడీఎఫ్ ఫ్రీగా పెట్టారు. 2015 అక్టోబర్ 1న జోక్విన్ హరికేన్‌లో బహామాస్ దగ్గర మునిగిన కార్గో షిప్ ఇది, జాక్సన్‌విల్ నుంచి ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ వెళ్తూ, 33 మందిలో ఒక్కరు కూడా మిగల్లేదు.

ఇంజిన్ ఎందుకు ఆగిందో చెప్పిన భాగం మాత్రం సూపర్ అసలు. సరుకు పెట్టే హోల్డ్‌లోకి వెళ్ళే చిన్న మూత ఒకటి తెరిచి ఉండిపోయి నీళ్ళు చేరాయి, ఓడ ముందు కుడివైపు ఒరిగింది, సరిచేద్దామని తిప్పితే ఎడమకి ఒరిగింది, ఇంజిన్‌కి లూబ్ ఆయిల్ (కందెన నూనె) లాగే పైపు మూతి ఏమో ఓడ మధ్యగీతకి కుడిపక్కన ఉంది, సంప్‌లో (ఆయిల్ నిలవుండే తొట్టిలో) ఆయిల్ కూడా తక్కువే, దాంతో మూతికి ఆయిల్ అందలేదు, ఇంకేముంది ప్రెజర్ పోయి ఇంజిన్ ఆగిపోయింది. తుఫాన్ మధ్యలో!

కెప్టెన్ పాత వెదర్ డేటా నమ్ముకుని తుఫాన్‌కి తగినంత దూరంగా రూట్ మార్చలేదని చెప్పి తప్పంతా ఆయన నెత్తిన రుద్దేసి చేతులు దులుపుకోలేదు, కంపెనీ పర్యవేక్షణ సరిగ్గా లేదని, పైకప్పు లేని పాతకాలం లైఫ్ బోట్లని కూడా గట్టిగానే ఏకారు. అది నచ్చింది.

సుమారు 15,000 అడుగుల లోతునుంచి తీసిన ఓడ రికార్డర్‌లో (ఓడ నడిపే గదిలో మాటలు రికార్డ్ చేసేది) 26 గంటల రికార్డింగ్ ఉంది, ఆ ట్రాన్స్‌క్రిప్ట్ వేరే ఫైల్, రాత్రిపూట చదవొద్దు బాబోయ్.

మైనస్ అంటే, స్టెబిలిటీ (ఓడ ఒరిగిపోకుండా నిలబడటం) లెక్కలు మనలాంటోళ్ళకి బుర్రకెక్కవు, అవి దాటేయండి. 4.5/5.