నా గుండె ఫైలు: నాలుగు ఎకోలు, మూడు టీఎంటీలు

కావలి నుంచి నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటకు గుండె పరీక్షల కోసం మొదటిసారి వెళ్లింది 2018లో. అప్పుడు నాకు 49 ఏళ్లు. బడిలో మేడమెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది, బీపీ 160 దాటి ఉంది. ఇప్పటికి నాలుగు టూడీ ఎకోలు (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్లు), మూడు టీఎంటీలు (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్షలు) అయ్యాయి. నేను టీచర్ని, డాక్టర్ని కాను. ఆ కాగితాలు చేతిలో పెట్టుకుని నాలాగే భయపడేవాళ్ల కోసం రాస్తున్నాను.

ఎకో చేయించుకోవడం తేలిక. ఎడమవైపు ఒత్తిగిలి పడుకోమంటారు. చల్లటి జెల్ రాసి పక్కటెముకల మధ్య ప్రోబ్ అదిమి తిప్పుతారు. రేడియేషన్ లేదు, సూది లేదు, అరగంట లోపే అయిపోతుంది. కష్టమంతా కాగితం చేతికొచ్చాకే. ఆ రోజు సాయంత్రం రిపోర్టు ఇచ్చేసరికి డాక్టరుగారు వెళ్లిపోయారు, రేపు రండి అన్నారు. తిరుగు బస్సులోనే చదివాను. ఈఎఫ్ 58 శాతం. గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్. ట్రివియల్ ఎమ్మార్. పాతికేళ్లు పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, 58 అనగానే నాకు మార్కులే గుర్తొచ్చాయి. గుండె 42 శాతం పోయిందనుకున్నాను. ఆ రాత్రి నేనూ మా ఆయనా కంటిమీద కునుకు వేయలేదు.

మర్నాడు డాక్టరుగారు, "టీచరమ్మా, ఇవి మార్కులు కాదు. ఇందులో నూటికి నూరు ఎవరికీ రాదు" అన్నారు. ఈఎఫ్ అంటే, గుండె ఎడమ కింది గది నిండినప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకుంటే, ఒక్కసారి ముడుచుకున్నప్పుడు 58 బయటికి పోతోంది. మిగిలింది లోపల ఉండటం సహజమే. సుమారు 55 నుంచి 70 వరకు మామూలు. 40కి పడిపోతే గుండె బలం బాగా తగ్గినట్టు. గ్రేడ్ 1 అంటే రక్తాన్ని నెట్టడంలో లోపం కాదు, నెట్టాక మళ్లీ వదులై నింపుకోవడంలో కొంచెం బిగువు. బీపీ ఉన్నవాళ్లకీ వయసు పైబడినవాళ్లకీ చాలామందికి ఇది రాస్తారు. ఎమ్మార్ అంటే గుండె ఎడమవైపు ఉండే మైట్రల్ కవాటంలో లీకు. ట్రివియల్ అంటే లెక్కలోకి రానంత, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కనిపిస్తుంది.

ఆయన పెన్నుతో సున్నా చుట్టింది మరో అంకెకు. గుండె గోడ మందం, 12 మిల్లీమీటర్లు. ఆడవాళ్లకు 9 దాకా మామూలట. ఏళ్ల తరబడి బీపీని పట్టించుకోనందువల్ల కండ మందమెక్కింది. బస్సులో రెండుసార్లు చదివినా ఆ అంకె మీద నా కన్ను ఆగలేదు. ఆ 12 అనే అంకె తర్వాతి ఏడాది ఎంత పనికొచ్చిందో చెప్తాను.

2019లో ఛాతీలో పట్టేసినట్టుంటే టీఎంటీ రాశారు, ఈసారి వేరే ఆసుపత్రిలో. ఒంటికి ఈసీజీ వైర్లు పెట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. బ్రూస్ పద్ధతిలో మొదటి 3 నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం ఎత్తు (వాలు). ఆ తర్వాత ప్రతి 3 నిమిషాలకు వేగమూ పెరుగుతుంది, ఎత్తూ పెరుగుతుంది. 220లోంచి వయసు తీసేసి, దానిలో 85 శాతం దాకా గుండె వేగం చేరాలి. నాకప్పుడు 50, అంటే సుమారు 145. (ఆడవాళ్లు చుడీదార్, బూట్లు తీసుకెళ్లండి. చీరతో ఆ వాలు మీద నడవడం ప్రమాదం.) పాజిటివ్ వచ్చింది. ఈసీజీలో ఎస్టీ అనే గీత భాగం 1 మిల్లీమీటరుకు పైగా దిగిందట, గుండె రక్తనాళాల్లో అడ్డం ఉందేమోనని అనుమానం. వెంటనే చేరమన్నారు, స్టెంటు పడొచ్చన్నారు. నా పాత ఎకో ఎవరూ అడగలేదు.

మా ఆయన పట్టుబట్టి రెండు కాగితాలూ పట్టుకుని పాత డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకున్నారు. బీపీ వల్ల గోడ మందమైనవాళ్లకు నాళాల్లో అడ్డం లేకపోయినా ఎస్టీ దిగొచ్చు, ఆడవాళ్లలో ఇలాంటి తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ అని చెప్పారు. అయినా పట్టేసినట్టుంటోంది కాబట్టి వదిలేయకుండా మణికట్టు నుంచి యాంజియో (గుండె నాళాల్లో అడ్డం ఉందేమో చూసే పరీక్ష) చేయించారు. నాళాలు శుభ్రంగా ఉన్నాయి. పాజిటివ్ అంటే అడ్డం ఉన్నట్టే అని ఆ రోజు దాకా అనుకున్నాను.

2022లో చేసిన టీఎంటీ వృథా అయింది. బీపీకి వాడే మెటోప్రొలాల్ మాత్ర ఆ ఉదయం వేసుకున్నాను. అది గుండె వేగాన్ని పెరగనివ్వదు. గుండె వేగం 118 దగ్గర ఉండగానే కాళ్లు ఆగిపోయాయి, రిపోర్టులో ఇన్‌కన్‌క్లూజివ్ (ఏదీ తేలలేదు) అని రాశారు. పాసూ కాదు, ఫెయిలూ కాదు. పరీక్షకు ముందు ఏ మాత్ర ఆపాలో, ఎన్నాళ్లు ఆపాలో చీటీ రాసినప్పుడే అడగాలి. ఆ రకం మాత్రలు మనంతట మనం ఉన్నట్టుండి ఆపకూడదు.

2024లో ఏడున్నర నిమిషాలు నడిచాను. నెగెటివ్. ఈసారి ఎంతసేపు నడిచాను, ఎన్ని మెట్స్ అన్నదే ముందు చూశాను. కూర్చున్నప్పుడు ఒంటికి కావలసిన ఆక్సిజన్ ఒక మెట్. నాకు 8కి పైగా వచ్చాయి, అంటే దానికి ఎనిమిది రెట్లకు పైగా శ్రమను గుండె ఓర్చుకుంది. మెట్లెక్కితే రొప్పిన మనిషిని, ఆ అంకె నాకు ఎంతో ధైర్యమిచ్చింది. అలాగని నెగెటివ్ రిపోర్టు భరోసా పత్రం కాదు. నాళం సగం పూడినా టీఎంటీలో తెలియకపోవచ్చు. ఛాతీ నొప్పి, చెమటలు వస్తే నిన్ననే నెగెటివ్ వచ్చినా ఆసుపత్రికి పోవాల్సిందే.

ఈఎఫ్ నాలుగుసార్లూ నాలుగు రకాలుగా వచ్చింది. 58, 62, 60, చివరికి 55. ఆ 55 చూసి మళ్లీ టెన్షన్ పడ్డాను. చూసే మనిషి, పడుకున్న తీరు, బొమ్మ పడిన కోణం మారితే నాలుగైదు అంకెలు అటూ ఇటూ అవుతాయట. అందుకే నాలుగో ఎకో నుంచి ఒకే చోట చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. గోడ మందం మాత్రం 11కి దిగింది. మాత్రలు మానకుండా వేసుకున్నాను, అన్నంలోకి ఊరగాయ, ఎండుచేపలు మానేశాను. మా నెల్లూరు వైపు వాళ్లకు ఎండుచేప మానడం ఎంత కష్టమో మనవాళ్లకు చెప్పక్కర్లేదు.

నా ఫిర్యాదు ఒకటే. ఇన్ని డబ్బులు తీసుకునే రిపోర్టులో తెలుగులో రెండు వాక్యాలు రాయొచ్చు కదా. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఏముందో తెలియక దిగులుతో పోవడం ఎన్నిసార్లు చూశానో. నేనైతే ఇప్పుడు సాయంత్రం ఎకోకు వెళ్లను. డాక్టరుగారు గదిలో ఉండే టైమ్ కనుక్కుని పొద్దున్నే వెళ్తాను. 2018 నాటి మొదటి కాగితం ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకుంటాను. ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు దాన్నే తీసి బల్ల మీద పెడతాను.