సపోర్ట్ బృందంలో ఆశునటన ఆటలు: రెండేళ్ల వాడకం తర్వాత

హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు చెందిన ప్రొడక్షన్ సపోర్ట్ బృందానికి, అంటే వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆగిపోకుండా రాత్రింబవళ్లు చూసుకునే బృందానికి, నేను లీడ్‌ని. ఇంప్రొవ్ అని పిలిచే ఆశునటన ఆటలను మేము రెండేళ్లకు పైగా, షిఫ్టు మారే వేళ, వారానికోసారి పావుగంట చొప్పున ఆడుతున్నాం. ఈ ఆటల వల్ల ఒత్తిడిని తట్టుకునే శక్తి పెరుగుతుందని శిక్షకులు చెబుతారు. నేను చూసినంతలో మనుషులు గట్టిపడలేదు కానీ, చెడ్డ వార్తను దాచకుండా చెప్పడం మాత్రం త్వరగా అలవడింది. మా పనికి కావలసింది కూడా అదే.

ఈ ఆటలు ఆఫీసుల కోసం పుట్టినవి కావు. 1930ల చివర షికాగోలో నాటక శిక్షకురాలు వయొలా స్పోలిన్ ప్రభుత్వ ఉపాధి పథకం కింద పనిచేస్తూ, వేరువేరు దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో నాటకాలు ఆడించడానికి వీటిని రూపొందించారు. ఆమె కుమారుడు పాల్ సిల్స్ 1959లో మరికొందరితో కలిసి అక్కడే ‘సెకండ్ సిటీ’ నాటకశాలను స్థాపించడంతో ఇవి రంగస్థలం మీద స్థిరపడ్డాయి. ఒకే భాష, ఒకే అలవాట్లు లేని పిల్లల కోసం తయారైనవి కాబట్టే, తెలుగు, ఒడియా, తమిళం మాట్లాడేవాళ్లున్న మా బృందంలో కూడా ఇవి సులువుగా ఇమిడాయని నాకు అనిపిస్తుంది. అప్రస్తుత ప్రసంగి అడ్డు తగిలినా ధార తప్పని అవధానులను చూసిన మనకు ఆశువుగా మాట్లాడటం కొత్త విద్య కాదు. కాకపోతే అక్కడ మెప్పు ఒక్కరి ప్రతిభకు, ఇక్కడ పని పక్కవారి మాటను నిలబెట్టడం.

అన్నిటిలోకీ ఎక్కువ ఉపయోగపడినది ‘చివరి మాట’ ఆట. ఒకరు “రాత్రి రెండింటికి అలారం మోగింది” అంటే, పక్కవారు “మోగింది సరే, లేచి చూసినవాళ్లెవరు?” అని ఆ చివరి మాటతోనే మొదలుపెట్టాలి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కనుక, ఎదుటివారు “చేశాను” అంటారో “చేయలేదు” అంటారో ఆఖరి క్షణం దాకా తెలియదు. సగం వాక్యం వినేసరికే జవాబు సిద్ధం చేసుకునేవాళ్లకు ఇక్కడ తప్పించుకునే దారి లేదు. ఇంగ్లీషులో ఆడినప్పుడు ఈ పట్టు రాలేదు. తెలుగు రానివాళ్లు ఉన్న రోజున, అర్థంలేని శబ్దాలతో ఒకరు మాట్లాడితే ఇంకొకరు దానికి తోచిన అర్థం చెప్పే ఆట ఆడతాం. కొన్ని నెలలకు ఈ పద్ధతి షిఫ్టు అప్పగింతలోకి కూడా వచ్చేసింది: బాధ్యత తీసుకునేవారు, అప్పగించేవారు చెప్పిన చివరి అంశాన్ని తిరిగి పలికాకే తమ ప్రశ్న అడుగుతారు. “ఓకే ఓకే” అంటూ ల్యాప్‌టాప్ వైపు తిరిగిపోవడం బాగా తగ్గింది.

‘జిప్-జ్యాప్-జాప్’ అనేది గుండ్రంగా నిలబడి ఆ మూడు మాటలనూ వరుస తప్పకుండా, వేగంగా ఒకరికొకరు అందించుకునే ఆట. ఇందులో తడబడినవారు రెండు చేతులూ పైకెత్తి “పోయింది!” అని అరవాలి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. చూడటానికి చిన్నపిల్లల వ్యవహారమే. అయితే ఒక రాత్రి చెల్లింపులు ఆగిపోయి అందరం కాల్‌లో ఉన్నప్పుడు, బృందంలో అందరికన్నా చిన్నదైన అమ్మాయి మొదటి నిమిషాల్లోనే “ఆ కాన్ఫిగరేషన్ మార్పు సాయంత్రం నేను పెట్టిందే, వెనక్కి తీస్తున్నాను” అని చెప్పింది. అంతకుముందైతే అలాంటి మార్పు ఎవరిదో సిస్టమ్ నమోదు చేసే లాగ్ రికార్డుల్లో వెతకడానికే గంట పట్టేది. దీని ఘనతంతా ఆటలకే కట్టబెట్టలేను. అదే కాలంలో, ఇలాంటి అంతరాయం తర్వాత జరిపే సమీక్షల్లో “ఎవరు చేశారు” అనే ప్రశ్నను కూడా మేము తీసేశాం. ఆ మార్పు లేకుండా ఆటలు మాత్రమే ఉంటే, చప్పట్లు మీటింగ్ గదిలోనే ఆగిపోయేవేమో.

పనిచేయనివీ ఉన్నాయి. ఏటా ఒకసారి రిసార్టులో రోజంతా జరిపే వర్క్‌షాప్ వల్ల ఫొటోలు తప్ప మరేమీ మిగల్లేదు. ఒకరు దర్పంగా, ఇంకొకరు అణకువగా నటించే హోదా ఆటలు మూడో వారానికే మేనేజర్లను వెక్కిరించడంగా మారాయి, అందుకని మానేశాం. ఒకరినొకరు తాకవలసిన ఆటలను మొదటి నుంచీ పక్కన పెట్టాం. ఎందుకని అడిగే అవసరం ఎవరికీ ఉండకూడదు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో వీడియో కాల్‌లో వేగం మీద నడిచే ఆటలేవీ సాగవు, ధ్వని ఆలస్యంగా వస్తుంది. ‘చివరి మాట’ మాత్రం పేరు పిలిచి అందిస్తే బాగానే నడుస్తుంది. పై అధికారి వచ్చి, ఆడకుండా కుర్చీలో కూర్చుని చూసిన రోజున గది మొత్తం బిగుసుకుపోయింది. అప్పటి నుంచి వచ్చినవారు ఎవరైనా ఆడాల్సిందే. ఇష్టం లేని సభ్యులు మాత్రం ఏ కారణమూ చెప్పకుండా బయట టీ తాగి రావచ్చు.

మనుషులు చాలక వరుసగా రాత్రి షిఫ్టులు పడుతున్న బృందానికి దీన్ని మందుగా ఇవ్వడం అన్యాయం. మాకు అలాంటి నెలలు వచ్చినప్పుడు ఆటలు ఆపి, ఆ పావుగంట ముందే ఇంటికి పంపాను; బృందం కోరిందీ అదే. శిక్షకుడితో ఒప్పందాన్ని రెండో ఏడు పొడిగించలేదు. ఇప్పుడు వంతులవారీగా బృందంలోని వాళ్లే ఆడిస్తున్నారు. ఖర్చు లేదు, నాణ్యత కొంచెం తగ్గింది, హాజరు మాత్రం పెరిగింది.