శాస్త్రవేత్తల ఆన్‌లైన్ చర్చకు ఏది మేలు: వాట్సాప్ గ్రూపా, మెయిలింగ్ లిస్టా, ఫోరమా?

ఒకే రంగంలో పనిచేసే పరిశోధకులను ఆన్‌లైన్‌లో ఒకచోట చేర్చాలనుకునేవారు ఈమధ్య పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. సభ్యులను ఎలా పిలవాలో, మర్యాదలు ఎలా నిర్ణయించాలో వారికి తెలుసు. చర్చ ఎక్కడ జరగాలన్నదే తేలడం లేదు. నాకు దగ్గరగా తెలిసిన క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీనే, అంటే అణువులను పలుచని మంచుపొరలో గడ్డకట్టించి ఎలక్ట్రాన్ కిరణంతో చిత్రాలు తీసే పద్ధతినే, ఉదాహరణగా తీసుకుంటాను. 2017లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చాక ఈ పద్ధతి వైపు తిరిగిన ప్రయోగశాలలు చాలా ఉన్నాయి. వాటిలో అనేకచోట్ల పక్క బల్ల దగ్గర అడిగి తెలుసుకోవడానికి అనుభవజ్ఞులు లేరు. పైగా ఈ రంగంలో చిత్రాల నుంచి త్రీడీ మ్యాప్ కట్టడానికి ఎక్కువగా వాడే రెండు సాఫ్ట్‌వేర్‌లు రెండు దారులు పట్టాయి. కేంబ్రిడ్జ్‌లో పుట్టిన రిలయాన్ వాడుకరులు ఏళ్ల తరబడి ఈ రంగం వారి సీసీపీఈఎం మెయిలింగ్ లిస్టులో, అంటే ఒక చిరునామాకు పంపిన ఈమెయిల్ సభ్యులందరికీ చేరే ఏర్పాటులో, చర్చించుకున్నారు. టొరంటోలో పుట్టిన క్రయోస్పార్క్‌కు డిస్కోర్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోరం, అంటే శీర్షికల వారీగా చర్చలు నిలిచి ఉండే వెబ్‌సైట్, ఉంది. పోల్చి చూడడానికి ఇంతకంటే మంచి జత దొరకదు.

ఎంపికలో వేగం, ఖర్చు, సౌకర్యం అన్నీ చూడవలసినవే. అయితే నా దృష్టిలో తేల్చవలసిన అంశం ఒక్కటే: ఈరోజు ఇచ్చిన జవాబు అయిదేళ్ల తర్వాత, ఈ బృందంలో ఎవరినీ ఎరగని ఒక విద్యార్థికి, ఎవరి అనుమతీ అడగకుండా దొరుకుతుందా? ప్రత్యేక రంగాల్లో జవాబు చెప్పగలవారు కొద్దిమందే. వారు అరగంట వెచ్చించి రాసిన వివరణను ఒక్కరు చదివి వదిలేస్తే, అదే ప్రశ్నకు వారు మరో పదిసార్లు జవాబు రాయవలసి వస్తుంది. చివరికి విసిగి రాయడమే మానేస్తారు.

ఒక విద్యార్థినికి తన ప్రోటీన్ త్రీడీ మ్యాప్ ఒక దిశలో సాగదీసినట్టు వచ్చిందనుకుందాం. అణువులు చాలావరకు మంచుపొరలో ఒకే వైపు తిరిగి ఉండిపోతే ఇలా జరుగుతుంది; దీన్ని ప్రిఫర్డ్ ఓరియంటేషన్ అంటారు. వాట్సాప్ గ్రూపులో అయితే ఆమె కంప్యూటర్ తెరను ఫోనుతో ఫొటో తీసి, ‘ఇలా ఎందుకు వస్తోంది సార్?’ అని పెడుతుంది. ‘టిల్ట్ చేసి చూడమ్మా’ అని ఎవరో జవాబిస్తారు. నమూనా గాఢత ఎంతో, నమూనా ఉంచే చిన్న జల్లెడ వంటి గ్రిడ్‌లలో ఏది వాడిందో, డిటర్జెంట్ కలిపిందో లేదో ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఈలోగా ఒక సెమినార్ ప్రకటన, నాలుగు పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చి ప్రశ్న పైకి వెళ్లిపోతుంది. ఫోరంలో అదే ప్రశ్నకు శీర్షిక పెట్టాలి, వివరాలు కూర్చుని రాయాలి. అప్పుడు వచ్చే జవాబులూ వేరుగా ఉంటాయి: గ్రిడ్‌ను ముప్పై, నలభై డిగ్రీలు వంచి డేటా తీస్తే కొత్త కోణాలు దొరుకుతాయని, కానీ కిరణం దాటవలసిన మంచు మందం పెరిగి స్పష్టత కొంత తగ్గవచ్చని ఒకరు రాస్తారు. అణువులు గాలి, నీరు కలిసే చోట అంటుకోకుండా చాప్సో వంటి డిటర్జెంట్ కలపమని మరొకరు, గ్రాఫీన్ ఆక్సైడ్ పొర ఉన్న గ్రిడ్ వాడమని ఇంకొకరు సూచిస్తారు. కొన్ని వారాల తర్వాత ఆ విద్యార్థిని వచ్చి వీటిలో ఏది పనిచేసిందో అదే చర్చ కింద రాస్తే, ఆ నాలుగు వాక్యాలే అన్నిటికంటే విలువైనవి.

చాట్ గ్రూపుల సౌలభ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. అందరి ఫోనులోనూ వాట్సాప్ ఉంది, నేర్పవలసిన పని లేదు, జవాబు నిమిషాల్లో వస్తుంది. కానీ పాత చర్చ మొత్తం కొత్త సభ్యుడికి అందదు, బయటి సెర్చ్‌కు అసలే దొరకదు. ఫోను నంబరు గ్రూపులో అందరికీ కనిపిస్తుందన్న కారణంతో విద్యార్థినులు వెనుకాడితే ఆ సంకోచాన్ని గౌరవించవలసిందే. ఆఫీసు బృందాలు వాడే చాట్ సేవ స్లాక్ చూడడానికి పద్ధతిగా ఉన్నా, 2022 సెప్టెంబరు నుంచి ఉచిత ఖాతాల్లో చివరి 90 రోజుల సందేశాలే కనిపిస్తున్నాయి. పరిశోధన చర్చకు 90 రోజులంటే ఒక వ్యాసం సమీక్ష ముగిసేంత కాలం కూడా కాదు.

మెయిలింగ్ లిస్టు మీద నాకు గౌరవం ఉంది. 1991లో మొదలైన కంప్యుటేషనల్ కెమిస్ట్రీ లిస్టు, స్ఫటికశాస్త్రజ్ఞుల సీసీపీ4 లిస్టు ఒక తరాన్ని తీర్చిదిద్దాయి. ఉత్తరం రాస్తున్నామన్న స్పృహ వల్ల ప్రశ్న నిండుగా వస్తుంది. వచ్చిన జవాబులన్నీ కూర్చి, అడిగినవారే చివర సారాంశం పంపే ఆచారం ఎంతో మంచిది. పెద్ద ప్రొఫెసర్లు కొత్త చోట ఖాతా తెరవరు గానీ ఈమెయిల్ చదువుతారు. అయితే పాత ఉత్తరానికి జవాబుగా సంబంధం లేని కొత్త ప్రశ్న పంపడం, బొమ్మలు కొన్నిసార్లు చేరకపోవడం, ఒకసారి పంపిన పొరపాటును దిద్దుకోలేకపోవడం లిస్టుకున్న తీరని ఇబ్బందులు.

అందుకే, సభ్యులు వంద దాటే బృందానికి నేను ఫోరం వైపే మొగ్గుతాను. డిస్కోర్స్‌లో శీర్షిక రాస్తుండగానే దాన్ని పోలిన పాత చర్చలు పక్కన కనిపిస్తాయి. సగం ప్రశ్నలు అక్కడే తీరిపోయే అవకాశం ఉంది. సరైన జవాబును గుర్తించి పైన చూపవచ్చు, తప్పును సవరించవచ్చు. చర్చ మొత్తాన్ని ఈమెయిల్‌లోనే చదివి, ఈమెయిల్‌తోనే జవాబివ్వవచ్చు కనుక లిస్టుకు అలవాటుపడిన పెద్దలూ దూరం కారు. సూక్ష్మదర్శిని చిత్రాల విశ్లేషణ చేసేవారి ఇమేజ్ డాట్ ఎస్సీ ఫోరం ఇదే సాఫ్ట్‌వేర్‌పై నడుస్తూ, ఇమేజ్‌జే, సెల్‌ప్రొఫైలర్ వంటి వేర్వేరు సాధనాల వాడుకరులను ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఖర్చు లేకపోలేదు: సర్వరు అద్దె, అప్‌డేట్లు, వారానికి కొన్ని గంటలు చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి దొరకకపోతే ఫోరం తెరవకండి. మీ సంస్థ నడిపే మెయిలింగ్ లిస్టు చాలు.

మిగిలినవాటి సంగతి క్లుప్తంగా చెబుతాను. 2009లో మొదలైన మ్యాథ్‌ఓవర్‌ఫ్లో తరహా ప్రశ్నోత్తర వేదిక గణితానికి అద్భుతంగా కుదిరింది గానీ, ‘నా నమూనాకు ఏం చేయాలి’ అన్న తరహా ప్రయోగ ప్రశ్నలకు ఒక్కటే సరైన జవాబు ఉండదు. కలిసి ఒకే ప్రాజెక్టు చేసేవారికి, అంశాల వారీగా సందేశాలను విడదీసే చాట్ సాధనం జులిప్ బాగుంటుంది. గణిత రుజువులను కంప్యూటర్‌తో సరిచూసే లీన్ సాఫ్ట్‌వేర్ వాడే గణిత బృందం దానికి మంచి ఉదాహరణ. పరిశోధకుల సోషల్ నెట్‌వర్క్ అయిన రీసెర్చ్‌గేట్‌లో ప్రశ్న వేయవచ్చు గానీ అది మీ బృందం కాదు.

ఏది ఎంచుకున్నా పాత చర్చల ఆర్కైవు మీ చేతిలో ఉండాలి. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతపడేలోపు, ముందుగా దాచుకోని బృందాల ఏళ్ల చర్చలు పోయాయి. ఫోరం అయితే నిర్వాహకుడు మొత్తం బ్యాకప్‌ను ఒకే ఫైలుగా దించుకోవచ్చు. నెలకోసారి దించి, ఇద్దరు వేర్వేరు సంస్థల వారి దగ్గర ఉంచండి. ఇప్పటికే వాట్సాప్ గ్రూపు ఉంటే మూసేయనక్కరలేదు; ప్రకటనలకు ఉంచి, సాంకేతిక ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఒక సీనియర్ దాన్ని ఫోరంలో పెట్టించి, జవాబు అక్కడే రాసి, లింకు మాత్రం గ్రూపులో ఇవ్వాలి. ఆ సీనియర్ ఎవరో ముందే మాట్లాడుకున్నాకే సర్వరు తీసుకోండి.