కారు బ్యాటరీ నుంచి 5 వోల్టులు: ఎల్ఎం2596 స్టెప్‌డౌన్ బోర్డు ఎలా పనిచేస్తోంది

నా కారులో డాష్‌క్యామ్‌కీ, రాస్ప్‌బెరీ పై అనే ఒక చిన్న కంప్యూటర్‌కీ 5 వోల్టులు కావాలి. బ్యాటరీ ఇచ్చేది 12. మధ్యలో నేను పెట్టుకున్నవి ఎల్ఎం2596 చిప్ ఉన్న నీలం రంగు స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే) బోర్డులు, ఒక్కో పరికరానికి ఒకటి. ఎలక్ట్రానిక్స్ మీద కాస్త ఆసక్తి ఉన్నవాళ్లు చూడగానే గుర్తుపట్టే బోర్డే ఇది. ఒక పక్క రెండు ఇన్‌పుట్ పాయింట్లు, ఇంకో పక్క రెండు అవుట్‌పుట్ పాయింట్లు, మధ్యలో చిప్, రాగి తీగ చుట్టిన కాయిల్, మూల మీద ఇత్తడి స్క్రూ ఉన్న నీలం ట్రిమ్‌పాట్, అంటే స్క్రూ తిప్పి అవుట్‌పుట్ వోల్టేజీ సరిచేసుకునే భాగం. బోర్డు మంచిదే, నమ్మి వాడుతున్నాను. కానీ కవర్‌లోంచి తీసింది తీసినట్టే కారులో బిగించమని మాత్రం ఎవరికీ చెప్పను. దీని మీద వచ్చే రివ్యూలు చాలావరకు టేబుల్ మీద పవర్ సప్లై పెట్టి చూసినవే. కారులో పరిస్థితి వేరు.

12 వోల్టులు అనేది పేరుకే. ఇంజిన్ ఆపి కాసేపు వదిలేస్తే ఫుల్ ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర నిలబడుతుంది. ఇంజిన్ నడుస్తుంటే, దానితో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఆ వోల్టేజీని 14 దాటిస్తుంది. తాళం తిప్పి స్టార్టర్ మోటారు తిరిగే ఆ క్షణంలో 9కి పడిపోతుంది, చలికాలంలో బ్యాటరీ పాతదైతే 6 దాకా కూడా దిగుతుంది. ఇవన్నీ మామూలు రోజు లెక్కలు. ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడిపోతే దాన్ని లోడ్ డంప్ అంటారు. ఆల్టర్నేటర్ లోపలే రక్షణ ఉన్న బండ్లలో అప్పుడు వోల్టేజీ సుమారు 35 దగ్గర ఆగుతుంది. ఆ రక్షణ లేకపోతే సెకనులో కొంత భాగం పాటు 100 దాకా ఎగరొచ్చు.

అందుకే బోర్డు ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది అది ఎన్ని ఆంపియర్లు ఇస్తుందని కాదు, ఇన్‌పుట్‌లో ఎన్ని వోల్టులు తట్టుకుంటుందని. ఎల్ఎం2596 హద్దు 40. ఇంతకంటే చిన్నగా, ముద్దుగా ఉండే బోర్డులు ఉన్నాయి. ఎంపీ2307 చిప్ ఉన్నవి 23 దాకా, ఎంపీ1584 చిప్ ఉన్నవి 28 దాకా మాత్రమే తట్టుకుంటాయి. టేబుల్ మీద అవి దీనికంటే బాగా పనిచేస్తాయి, వేడి కూడా తక్కువే. కారులో మాత్రం వాటికి మిగిలే ఆ కాస్త తేడా నాకు చాలదు. ఎల్ఎం2596 బోర్డుల్లోనూ ఇన్‌పుట్ కెపాసిటర్ మీద ఏం రాసుందో చదవండి. కొన్నింటిలో 35 వోల్టులది వేస్తారు. 50 వోల్టులది ఉన్న బోర్డే తీసుకోండి.

ఇంత గొడవ ఎందుకు, నేరుగా 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్ చిప్ పెట్టేస్తే పోలేదా అని అడిగేవాళ్లు ఉంటారు. 14 వోల్టులు లోపలికి వెళ్లి 5 బయటికి వస్తే మిగిలిన 9 వోల్టులూ వేడిగానే పోవాలి. 1 ఆంపియర్ దగ్గర అది 9 వాట్లు. వాడుకునేది 5 వాట్లు, వేడికి పోయేది 9. చేతి మందం హీట్‌సింక్ (వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు ముక్క) లేకపోతే అది కాసేపట్లో కాపాడుకోవడానికి తనంతట తనే ఆగిపోతుంది. మన స్టెప్‌డౌన్ బోర్డు లాంటి బక్ కన్వర్టర్ అలా వోల్టేజీని కాల్చి తగ్గించదు. సెకనుకు లక్షన్నర సార్లు స్విచ్ వేసి తీసి, కాయిల్‌లో శక్తిని దాచి, సరిపడా వదులుతుంది. ఎల్ఎం2596 ఈ పనిని 12 నుంచి 5కి దాదాపు 80 శాతం సామర్థ్యంతో చేస్తుంది.

ఇప్పుడు ఈ బోర్డులో నాకు అసలు నచ్చని భాగం, ఆ ట్రిమ్‌పాట్. పరికరం తగిలించకుండా ముందు మల్టీమీటర్ పెట్టి స్క్రూ తిప్పుతూ 5.1కి తెచ్చుకోవాలి, అది అందరూ చెప్పేదే. చాలాసార్లు తిప్పినా మీటర్‌లో అంకె కదలకపోవచ్చు, కంగారు పడకండి, అది పది ఇరవై చుట్లు తిరిగే రకం. సమస్య అది కాదు. చిప్ తన ఫీడ్‌బ్యాక్ కాలి (అవుట్‌పుట్ ఎంతుందో చూసుకునే పిన్) దగ్గర ఎప్పుడూ 1.23 వోల్టులు ఉండేలా చూసుకుంటుంది. అవుట్‌పుట్ నుంచి ఆ కాలికి వెళ్లే దారి ఈ ట్రిమ్‌పాట్ గుండానే. గుంతల రోడ్డు మీద కుదుపులకు, ఎండలో నిలిపిన కారు వేడికి లోపలి కాంటాక్ట్ ఒక్కసారి వదిలితే చాలు, చిప్‌కి అవుట్‌పుట్ కనిపించడం మానేస్తుంది. వోల్టేజీ తక్కువైందనుకుని పూర్తిగా తెరిచేస్తుంది. 5 ఉండాల్సిన చోట బ్యాటరీ వోల్టేజీ దాదాపు మొత్తం వచ్చేస్తుంది. ఆ తర్వాత కెమెరా సంగతి చెప్పక్కర్లేదు.

నేను ట్రిమ్‌పాట్ పీకేశాను. నా బోర్డులో ఫీడ్‌బ్యాక్ నుంచి గ్రౌండ్‌కి 330 ఓమ్స్ రెసిస్టర్ ఉంది. ట్రిమ్‌పాట్ స్థానంలో 1 కిలో ఓమ్, 47 ఓమ్స్ రెండూ సిరీస్‌లో పెట్టి సోల్డర్ చేస్తే లెక్క ప్రకారం 5.13 రావాలి. మీటర్‌లో కూడా 5.1 దగ్గరే చూపించింది. ఇంజిన్ ఆపినా, ఆన్ చేసి యాక్సిలరేటర్ తొక్కినా ఆ అంకె కదల్లేదు. చూస్తుంటే నిజంగా ముచ్చటేసింది. మీ బోర్డులో రెసిస్టర్ విలువ వేరుగా ఉండొచ్చు, ముందు కొలుచుకుని లెక్క వేసుకోండి.

3 ఆంపియర్లు అని రాస్తారు. చిప్ వరకు అది నిజమే, హీట్‌సింక్ ఉంటే. 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు లాగితే 10 వాట్లు బయటికి వస్తాయి, రెండున్నర వాట్ల దాకా బోర్డు మీదే వేడిగా మిగులుతుంది. ఇంత చిన్న బోర్డుకి అది తక్కువేం కాదు. నిలకడగా 2 ఆంపియర్లకు మించి దీని మీద వేయను. ఒకే బోర్డు మీద రెండు పరికరాలూ వేయకపోవడానికి కారణం అదే. డాష్‌బోర్డు పైన అద్దం కింద ఎండ తగిలే చోట కాకుండా, లోపల కాస్త గాలి ఆడే చోట పెట్టాను.

వైరు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ పరికరం మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోందని వచ్చే ఫిర్యాదుల్లో సగం నేరం వైరుదే అని నా నమ్మకం. సన్నటి యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటు మోసే తీగలు తరచుగా 28 గేజ్‌వి. మీటరు పొడవు కేబుల్‌లో వెళ్లడం, రావడం కలిపి దాదాపు 0.43 ఓమ్స్. 2 ఆంపియర్లు వెళ్తే దారిలోనే 0.85 వోల్టు పోతుంది. బోర్డు దగ్గర 5.1 ఉన్నా రాస్ప్‌బెరీ పైకి చేరేది 4.25. అది 4.63 కంటే తగ్గగానే వోల్టేజీ తక్కువైందని హెచ్చరిక చూపిస్తుంది. కాబట్టి దూరం 12 వోల్టుల వైపే ప్రయాణించనివ్వండి, బోర్డుని పరికరం పక్కనే పెట్టండి. అదే 10 వాట్లకి 12 వోల్టుల వైపు పారేది ఒక ఆంపియర్ చిల్లరే.

ఇక బోర్డు మీద లేనివి. ఫ్యూజ్ లేదు. ప్లస్, మైనస్ తిరగబడితే అడ్డుకునేది ఏదీ లేదు, చిప్ వెంటనే పోతుంది. స్పైక్‌లను ఆపేదీ లేదు. ఫ్యూజ్ బాక్సు నుంచి వైరు తీసుకున్న చోటే 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాను. అది బోర్డు కోసం కాదు, వైరు కోసం. మధ్యలో ఎక్కడైనా ఇన్సులేషన్ ఒరుసుకుపోయి బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేయగలదు, నిప్పంటుకునేది అక్కడే. ఫ్యూజ్ బోర్డు దగ్గర పెట్టుకుంటే ఆ వైరంతా రక్షణ లేకుండా మిగిలిపోతుంది. ఫ్యూజ్ తర్వాత, బోర్డు ఇన్‌పుట్‌కి అడ్డంగా ఎస్ఎంసీజే24ఏ అనే టీవీఎస్ డయోడ్. మామూలు వోల్టేజీ దగ్గర అది ఉన్నట్టే తెలియదు, స్పైక్ వస్తే 39 లోపు పట్టి ఆపుతుంది, అంటే చిప్ హద్దు 40కి కాస్త కింద. సెకనులో వెయ్యో వంతు ఉండే స్పైక్‌లకు ఇది చాలు. లోపల రక్షణ లేని పాత ఆల్టర్నేటర్ నుంచి వచ్చే లోడ్ డంప్ మొత్తాన్ని మింగే శక్తి మాత్రం దీనికి లేదు. పాత బండి ఉన్నవాళ్లు ఇంకా గట్టి ఏర్పాటు చూసుకోవాలి.

స్టార్ట్ చేసేటప్పుడు ఏమవుతుంది? ఈ చిప్ లోపల దాదాపు వోల్టు పైనే పోతుంది. ఇన్‌పుట్ 9కి పడినా 5 ఇవ్వడానికి ఇబ్బంది లేదు. 6కి పడితే అవుట్‌పుట్ 5 కంటే కిందికి దిగుతుంది, పరికరం రీస్టార్ట్ అవుతుంది. నా బ్యాటరీ బాగుంది కాబట్టి కెమెరా ఆగలేదు. ఇదే కారణంతో 12 వోల్టుల రౌటర్ లాంటివాటికి ఈ బోర్డు పనికిరాదు. బ్యాటరీ 12 కంటే పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి వాటికి పెంచడం, తగ్గించడం రెండూ చేసే బక్-బూస్ట్ బోర్డు కావాలి.

ఏఎం రేడియో వినేవాళ్లకు ఒక మాట. ఈ స్విచ్చింగ్ వల్ల పుట్టే రొద ఏఎం బ్యాండ్‌లో వినిపిస్తుంది. ఇన్‌పుట్ వైర్లు రెండూ కలిపి మెలిపెట్టి, దగ్గర్లో ఫెర్రైట్ పూస వేస్తే బాగా తగ్గుతుంది.

సోల్డరింగ్ ఐరన్ పట్టే అలవాటు లేనివాళ్లు ఈ బోర్డు జోలికి వెళ్లకండి. నల్లటి ఎపాక్సీలో ముంచి నాలుగు వైర్లు మాత్రమే బయటికి వదిలిన, 5 వోల్టులకే బిగించిన కన్వర్టర్లు దొరుకుతాయి. తిప్పే స్క్రూ ఉండదు, తడి తగిలినా భయం లేదు. దానికి కూడా ఫ్యూజ్ పెట్టాల్సిందే. ఏది పెట్టినా వైరు ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే ఫ్యూజ్ నుంచి తీసుకోండి. కెమెరా 300 మిల్లీ ఆంపియర్లు రోజంతా బ్యాటరీ నుంచే లాగితే 7 ఆంపియర్ అవర్ల పైన ఖర్చవుతుంది, 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆగి ఉన్న కారులో కొన్ని రోజులకే స్టార్టర్ తిప్పలేని స్థితికి వస్తుంది.