పంది వెంట్రుకల ఫిల్బర్ట్ కుంచె: రూపచిత్రాల్లో చాలాకాలం వాడిన తరువాత

మహబూబ్‌నగర్‌లో తైలవర్ణ రూపచిత్రాలు వేసే నేను కొన్నేళ్లుగా ఎక్కువ పనిని పంది వెంట్రుకల ఫిల్బర్ట్ కుంచెలతోనే చేస్తున్నాను. కొస గుండ్రంగా ఉండే ఈ చదును కుంచెను పడుకోబెట్టి లాగితే వెడల్పాటి పట్టీ పడుతుంది, అంచు మీద నిలబెట్టి లాగితే సన్నని గీత వస్తుంది. చెంప దవడగా తిరిగే మలుపుకు ఇంతకన్నా అనువైన ఆకారం నాకు దొరకలేదు.

అసలు గుణం వెంట్రుకలో ఉంది. పంది వెంట్రుక కొస సహజంగా చీలి ఉంటుంది కనుక, ట్యూబులోని చిక్కటి రంగును నూనె కలపకుండానే ఎత్తి కాన్వాసు మీద పెట్టగలదు. పెట్టిన చోట దాని చాళ్లు అలాగే నిలుస్తాయి. సేబుల్ అనే జంతువు వెంట్రుకలతో చేసే మెత్తని కుంచె ఆ చాళ్లను నునుపు చేసేస్తుంది. ఎండకు కమిలిన పాలమూరు ముఖాలకు, గొల్లల భుజాన ఉండే గొంగడికి ఆ నునుపు నప్పదు. గొంగడి గరుకును పోగుపోగునా గీయనక్కరలేదు. బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), అల్ట్రామెరైన్ (ముదురు నీలం) కలిపిన ముదురు పూత ఆరాక, దాని మీద లేత రంగును దాదాపు పొడిగా ఉన్న కుంచెతో తేలికగా లాగితే చాలు. ముఖంలో నీడలను పలుచగా వదిలి, నుదురు, ముక్కుదూలం, చెంప ఎముకల మీద వెలుగు పడేచోటనే రంగును దట్టంగా పెడతాను. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ముదిమిలో వేసిన చిత్రాల్లో కనిపించే పద్ధతీ ఇదే: పైకి లేచిన రంగు, గదిలోని నిజమైన వెలుతురును కూడా పట్టుకుంటుంది.

కంటిలోని మెరుపుచుక్క, రెప్ప అంచు మాత్రం దీనితో కుదరవు. వాటికి చిన్న సింథటిక్ కుంచె ఉండాలి. చౌకరకాలు వెంట్రుకలు రాలుస్తాయి, దట్టమైన రంగులో అవి ఇరుక్కుంటే తీయడం విసుగు. ఇంకొక మాట: తైలవర్ణం నీటిరంగులా ఇగిరి ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. అందువల్ల మన మే నెల ఎండల్లో కూడా మందపు టైటానియం వైట్ పైన పొర కట్టి, లోపల చాలాకాలం మెత్తగానే ఉంటుంది, వార్నిష్‌కు తొందరపడరాదు.

కొనేటప్పుడు నంబరును కాక వెడల్పును చూడాలి, ఎందుకంటే నంబర్లు కంపెనీకొక తీరుగా ఉంటాయి. తల నిజ పరిమాణంలో వేసేవారికి సుమారు 15 మిల్లీమీటర్లది ఒకటి, అందులో సగం వెడల్పుది మరొకటి సరిపోతాయి. అరిగిపోయినవాటిని పారేయకుండా నేను నేపథ్యం రుద్దడానికి వాడుతున్నాను.