మెయిల్లో ఏఐ వద్దనుకుంటే: జీమెయిల్లో ఆపాలా, ఔట్‌లుక్‌లో ఆపాలా, థండర్‌బర్డ్‌కి మారాలా?

విశాఖలో ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా నేను కంప్యూటర్లు చూసే చిన్న ఆఫీసులన్నిట్లోనూ ఈమధ్య ఒకటే ప్రశ్న. "మెయిల్ తెరవగానే పైన ఏదో సారాంశం వస్తోంది, జవాబు రాయబోతే అదే ముందు రాసేస్తానంటోంది. ఇది తీసేయడం ఎలాగండీ?" పోర్టు పనులు చూసే క్లియరింగ్ ఏజెంట్లు అడిగారు, ఆడిటర్లు అడిగారు, సీతమ్మధారలో క్లినిక్ నడిపే డాక్టరు గారు కూడా అడిగారు. విడివిడిగా అందరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాస్తే మంచిదనిపించింది.

దీన్ని వద్దనడం చాదస్తమేమీ కాదు. క్లియరింగ్ ఆఫీసు మెయిళ్ళు చూస్తే తెలుస్తుంది. ఒక్క కంటైనరు మీద షిప్పింగ్ లైను, దిగుమతిదారు, ట్రాన్స్‌పోర్టరు, ఏజెంటు అందరూ ఒకే మెయిల్ దారంలో (థ్రెడ్‌లో) రాసుకుంటూ పోతారు. ఫ్రీ డేస్ (అదనపు రుసుము లేకుండా కంటైనరు ఉంచుకునే రోజులు) ఎప్పటితో అయిపోతాయి, డిటెన్షన్ (ఆ గడువు దాటితే పడే రుసుము) ఎవరు కట్టాలి, డెలివరీ ఆర్డరు (సరుకు విడుదల చేయమనే పత్రం) ఏ షరతు మీద ఇస్తారు అన్నవి ఎక్కడో మధ్యలో ఒక వాక్యంలో ఉంటాయి. నాలుగు లైన్ల సారాంశం చూసి ముందుకెళ్ళిపోయే అలవాటు పడితే ఆ వాక్యం కంటపడదు. నష్టం మాత్రం రోజుల లెక్కన పడుతుంది. పక్కనే తయారుగా ఉండే 'కన్‌ఫర్మ్‌డ్' లాంటి జవాబు కూడా అంతే. నొక్కి పంపేస్తే ఒప్పుకున్నది మీరే అవుతారు. అందుకే తీసేస్తామనేవాళ్ళని నేను ఆపను, దగ్గరుండి తీయిస్తాను.

అయితే ఏ దారి మేలు అన్నది తేల్చేది నా లెక్కలో ఒకటే: ఆ ఏఐ పని చేస్తున్నది మీ ముందున్న ప్రోగ్రాంలోనా, అవతల కంపెనీ సర్వర్లోనా? చాలామంది బటన్ కనిపించకపోతే పోయినట్టే అనుకుంటున్నారు. బ్రౌజర్లో ఎక్స్‌టెన్షన్ పెట్టి ఆ బటన్లని దాచేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. కంటికి హాయిగానే ఉంటుంది, అక్కడితో సరి. జీమెయిల్లో గూగుల్ ఏఐ అయిన జెమినీ ఇచ్చే సారాంశం గూగుల్ సర్వర్లో తయారవుతుంది. దానికి మీరిచ్చిన అనుమతి మీ అకౌంటులో ఉంటుంది. ఆ అనుమతి తీయకుండా ఏ యాప్‌కి మారినా అది అక్కడ అలాగే ఉండిపోతుంది. కాబట్టి ముందు అకౌంటులో ఆపాలి, తర్వాతే యాప్ సంగతి.

జీమెయిల్లో ఆపడం కష్టమేమీ కాదు. కంప్యూటర్లో తెరిచి, పైన పళ్ళచక్రం గుర్తు నొక్కి, 'సీ ఆల్ సెట్టింగ్స్'లో 'జనరల్' పేజీలో కిందికి వెళ్ళండి. 'స్మార్ట్ ఫీచర్స్' అని ఒక టిక్ ఉంటుంది, తీసేయండి. దాని కిందే 'గూగుల్ వర్క్‌స్పేస్ స్మార్ట్ ఫీచర్స్' అని ఇంకొకటి ఉంటుంది. అది తెరిస్తే మళ్ళీ రెండు స్విచ్చులుంటాయి, రెండూ ఆపండి. మొదటి టిక్ తీసి రెండోది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ, జెమినీ వ్యవహారం ఎక్కువగా ఉన్నది రెండోదాంట్లోనే. యూరప్, జపాన్, బ్రిటన్‌లలో ఇవి మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, కావాలనుకున్నవాళ్ళు ఆన్ చేసుకుంటారు. మనకి మాత్రం ఆన్‌లోనే ఉంటాయి, వద్దనుకున్న మనమే వెతుక్కోవాలి. ఈ తేడా నాకు మింగుడుపడదు.

చిక్కు ఇక్కడినుంచే. ఆ మొదటి టిక్‌తో పాటు ఏఐతో సంబంధం లేనివి కూడా పోతాయి. ప్రైమరీ, ప్రమోషన్స్, సోషల్ అని విడివిడిగా ఉండే ట్యాబులు పోతాయి. రాసేటప్పుడు అక్షరదోషాలు పట్టే సాయం పోతుంది. పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో చూపించేది పోతుంది. మర్నాటికి చీరల ఆఫర్లు, బ్యాంకు ప్రకటనలు, అసలు మెయిళ్ళు అన్నీ ఒకేచోట కలిసిపోతాయి. ఆ గందరగోళం చూసి టెన్షన్ పడి, మళ్ళీ అన్నీ ఆన్ చేసేసినవాళ్ళున్నారు. వాళ్ళని తప్పుపట్టను. ట్యాబులకీ జెమినీకీ ఒకే తాడు కట్టడం న్యాయం కాదు. స్పామ్‌ని పట్టే పని మాత్రం ఆగదు, ఆ భయం అక్కర్లేదు.

ట్యాబుల లోటుకి ఒక మందుంది. 'అన్‌సబ్‌స్క్రైబ్' అన్న మాట ఉన్న మెయిళ్ళన్నీ ఇన్‌బాక్స్‌లోకి రాకుండా ఒక లేబుల్ కిందికి వెళ్ళేలా ఫిల్టరు పెట్టుకోండి. ప్రకటనల్లో చాలావరకు ఆ మాట ఉంటుంది. పనికొచ్చే మెయిళ్ళలో కూడా కొన్నిసార్లు ఉంటుంది కనుక డిలీట్ చేసే ఫిల్టరు మాత్రం పెట్టొద్దు. అప్పుడప్పుడు ఆ లేబుల్ తెరిచి చూసుకుంటే చాలు.

ఇంకో మాట. 2025 నవంబరులో, మన మెయిళ్ళన్నీ చదివించి జెమినీకి శిక్షణ ఇస్తున్నారని ప్రచారం జరిగింది. జీమెయిల్లోని విషయాన్ని జెమినీ మోడల్ శిక్షణకి వాడటం లేదని గూగుల్ ఖండించింది. నేను ఆపమనేది ఆ భయంతో కాదు. నా క్లయింటు రాసిన మాట నేను పూర్తిగా చదవాలి, నా జవాబు నేనే రాయాలి అన్నదే నా కారణం. 2025 అక్టోబరు 14న గూగుల్ మన విశాఖలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించాక, "మన ఊరికి వచ్చే కంపెనీది మనమే ఆపేస్తామా?" అని అడిగినవాళ్ళున్నారు. ఆ హబ్ రావాలనే నేనూ కోరుకుంటాను, మన పిల్లలకి పని దొరికితే అంతకన్నా ఏం కావాలి? నా మెయిల్ పెట్టెలో ఏముండాలన్నది మాత్రం నేను తేల్చుకోవాల్సిందే.

ఔట్‌లుక్ సంగతి కొంచెం వేరు. ఇది మైక్రోసాఫ్ట్ వాళ్ళది, వాళ్ళ ఏఐ పేరు కోపైలట్. కొత్త ఔట్‌లుక్‌లో సెట్టింగ్స్‌లో 'కోపైలట్' అని విడిగా స్విచ్ ఉంది. అది ఆపితే కోపైలటే పోతుంది, మిగతావి ఉంటాయి. ఈ ఒక్క విషయంలో జీమెయిల్ కన్నా ఇదే మేలు. పాత క్లాసిక్ ఔట్‌లుక్‌లో ఆ స్విచ్ లేదు. అకౌంట్ ప్రైవసీలోకి వెళ్ళి, మన విషయాన్ని విశ్లేషించే 'కనెక్టెడ్ ఎక్స్‌పీరియన్సెస్'ని ఆపాలి. దాంతో పవర్‌పాయింట్‌లో స్లైడ్ల రూపం సూచించే డిజైనర్ లాంటివి కూడా పోతాయి. వర్డ్, ఎక్సెల్‌లలో కోపైలట్‌ని దేనికది, ఏ కంప్యూటరుకా కంప్యూటరులో ఆపుకోవాలి. ఇంట్లో వాడుకునే మైక్రోసాఫ్ట్ 365 తీసుకున్నవాళ్ళు రెన్యువల్ ముందు ఒకటి చూడండి. 2025 జనవరిలో కోపైలట్‌ని కలిపి ధర పెంచారు. కోపైలట్ లేని క్లాసిక్ ప్లాన్ ఉన్న సంగతి దాచారని ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ అదే ఏడు అక్టోబరులో కోర్టుకెళ్ళింది.

కొత్త ఔట్‌లుక్‌తో నాకున్న అభ్యంతరం వేరే. అందులో మీ జీమెయిల్‌నో, వేరే కంపెనీ మెయిల్‌నో కలిపితే ఆ మెయిళ్ళ కాపీ మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోకి కూడా వెళ్తుంది. ఒక సర్వర్లో ఏఐని వద్దనుకుని ఇంకో సర్వర్‌కి మెయిళ్ళు అప్పజెప్పినట్టే. జీమెయిల్ అడ్రసున్నవాళ్ళని దానికి మారమని నేను చెప్పను.

థండర్‌బర్డ్ నాకు ఇష్టమైనది, దాచుకోను. కంప్యూటర్లో పెట్టుకునే మెయిల్ ప్రోగ్రాం ఇది. మొజిల్లా వాళ్ళది, ఉచితం, విరాళాల మీద నడుస్తుంది. తెరిస్తే మెయిల్ ఉంటుంది, ఆపుకోవాల్సిన సారాంశాల పెట్టె ఏదీ ఉండదు. అడ్రసు మార్చక్కర్లేదు. పేరు, జీమెయిల్ అడ్రసు ఇస్తే గూగుల్ లాగిన్ కిటికీ వస్తుంది, అనుమతిస్తే మెయిళ్ళన్నీ దిగుతాయి. వాటి కాపీ మన డిస్కులో కూడా ఉంటుంది కనుక నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటూ సిగ్నలూ లేని కాలం చూసినవాళ్ళకి ఈ మాట విలువ తెలుసు.

లోపాలు లేకపోలేదు. వెతకడంలో జీమెయిల్ అంత చురుకు కాదు. రెండు లేబుల్స్ ఉన్న మెయిల్ రెండు ఫోల్డర్లలో కనిపిస్తుంది. పెట్టె నిండుగా ఉంటే మొదటిసారి దిగడానికి చాలాసేపు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి. ఫోన్లో కావాలంటే 2024 అక్టోబరు నుంచి ఆండ్రాయిడ్‌కి కూడా ఉంది. జీమెయిల్లో ఆ టిక్కులు తీయకుండా దీనికి మారితే సగం పనే అయినట్టు.

ఐఫోన్ మెయిల్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో 'ఆపిల్ ఇంటెలిజెన్స్' ఆపేస్తే చాలు. చెన్నైవాళ్ళ జోహో, స్విట్జర్లాండ్ ప్రోటాన్ మెయిల్ సర్వీసులు కూడా మంచివే. కానీ అడ్రసు మార్చుకోవాలి, ఈ ఒక్క కారణానికి అంత అవసరం లేదు.

కాబట్టి జీమెయిల్ వాడేవాళ్ళు టిక్కులు తీసి, ఫిల్టరు పెట్టుకుని, కంప్యూటర్లో థండర్‌బర్డ్ వాడండి. ఔట్‌లుక్ అడ్రసే ఉన్నవాళ్ళు కోపైలట్ స్విచ్ ఆపి అక్కడే ఉండండి. సొంత డొమైన్ (కంపెనీ పేరుతో మెయిల్ అడ్రసులు) ఉన్న ఆఫీసుల్లో అయితే అందరి తరఫునా ఒకేసారి ఆపే వీలు అడ్మిన్ దగ్గర ఉంటుంది. ఒక్కొక్క కుర్చీ దగ్గరికీ వెళ్ళి ఆపించే ముందు ఆయన్ని అడగండి.