కారు షెడ్డులో సంగీతం గది: నాలుగేళ్ల తర్వాత, గాలి గురించి

మా కారు షెడ్డు గదిని శబ్దం బయటికి పోని సంగీతం గదిగా మార్చి, గంటల లెక్కన అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. ఏ బోర్డు వాడాలి, ఎన్ని పొరలు వేయాలి, మధ్యలో శబ్దాన్ని పీల్చే రాక్‌వూల్ (రాతి నార) ఎంత మందం ఉండాలి అనే సంగతులు ఇప్పటికే చాలామంది రాశారు, వాటిని మళ్లీ చెప్పను. నేను రాయాలనుకున్నది గాలి గురించి. ఈ నాలుగేళ్లలో నన్ను ఎక్కువ భయపెట్టినదీ, తర్వాత ఎక్కువ సంతోషపెట్టినదీ అదే. గది కడుతున్న రోజుల్లో మేస్త్రి వచ్చాడు, బోర్డులు బిగించేవాళ్లు వచ్చారు, ఏసీ అమ్మినవాళ్లు వచ్చారు. తలుపు ఎంత బరువుండాలో అందరూ గంటలకొద్దీ మాట్లాడారు. తలుపు మూశాక లోపల కూర్చున్నవాళ్లు ఏ గాలి పీలుస్తారని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మాది విజయవాడ, మొగల్రాజపురం వైపు పాత ఇల్లు. మా మామగారు కారు కోసం వేయించిన షెడ్డు అది. కారు అమ్మేశాక చుట్టూ తొమ్మిదంగుళాల గోడ లేపి, రెండు పెద్ద కిటికీలు పెట్టించి చుట్టాల గదిగా చేశారు. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు ఆ ఒక్క గదిలో తొమ్మిది మంది చాపలు పరుచుకుని పడుకున్నారు. కొవిడ్ తర్వాత రాకపోకలు తగ్గి గది ఖాళీగా ఉండిపోయింది. అప్పట్లో మా అబ్బాయి అక్కడే మృదంగం సాధన చేసేవాడు. పక్కింటి పెద్దాయన ఒకరోజు గేటు దగ్గర నిలబడి, "అమ్మాయీ, వాడి చెయ్యి బాగుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం ఆపమను, నాకు కన్ను మూతపడడం లేదు" అన్నారు. ఆయన మాట సమంజసమే. సాధన చేసుకోవడానికి చోటు దొరకని పిల్లలు మా ఊళ్లో ఎందరున్నారో ఆ తర్వాతే నాకు తెలిసింది. అలా మొదలైంది.

మొదటి ఏడాది ఈ గదిని కనిపించిన ప్రతివారి దగ్గరా పొగిడాను. పాత గోడకు ఎక్కడా తగలకుండా లోపల ఇంకో గది కట్టినట్టు చట్రం నిలబెట్టి, రెండు పొరల జిప్సం బోర్డు వేయించాం. కిటికీలు రెండూ ఇటుకతో మూసేశాం. ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు పెట్టాం. లోపల మృదంగం గట్టిగా వాయిస్తుంటే పక్కింటి వరండాలో నిలబడి చెవి రిక్కిస్తే తప్ప వినిపించేది కాదు. ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. మాకు ఆ బెంగ లేకపోయింది. ఆ పొగడ్త గాత్రానికీ, వీణకూ, వయొలిన్‌కూ, మృదంగానికీ ఇప్పటికీ చెల్లుతుంది. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముకు మాత్రం చెల్లదు. ఆ దెబ్బ గోడ దాటి పోయేది కాదు, నేల గుండా పోయేది. మేము నేలను విడిగా లేపి కట్టించలేదు. రెండో ఏడాది నుంచి డ్రమ్ములవాళ్లకు గది ఇవ్వడం మానేశాను.

ఇక అసలు సంగతి. 2022 మే నెల. ఒక వీణ టీచరు గారు తన నలుగురు శిష్యులతో వారానికి మూడు రోజులు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా గది తీసుకునేవారు. జూన్‌లో వాళ్ల కార్యక్రమం ఉంది. బయట ఎండ మండిపోతోంది, లోపల ఏసీ 24 మీద హాయిగా తిరుగుతోంది. రెండు వారాలుగా ఆవిడ నాతో ఒకటే మాట అంటున్నారు: "పిల్లలు ఆవలిస్తున్నారండీ. మొదటి అరగంట బాగానే వాయిస్తారు, స్వరకల్పనకు వచ్చేసరికి తాళం తప్పుతున్నారు." సెలవుల్లో రాత్రిళ్లు ఫోను చూస్తున్నారేమో అని ఆవిడ వాళ్లను కోప్పడ్డారు. నేను కాఫీ కలిపి పంపాను.

ఒకరోజు ఐదున్నర ప్రాంతంలో వాళ్లలో ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి బయటికి వచ్చి, రెండో తలుపు గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. "ఆంటీ, తల తిరుగుతోంది" అంది. వరండాలో కూర్చోబెట్టి ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చాను. పది నిమిషాల్లో తేరుకుంది. ఎండదెబ్బ అనుకుందామంటే అంతసేపూ చల్లటి గదిలోనే ఉంది. ఏసీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని లోపలికి వెళ్లాను. మొహానికి చల్లగా తగిలింది, దానితోపాటు వాసన. ఆరని బట్టలు కుక్కిన బీరువా తలుపు తీస్తే కొట్టే వాసన. "ఇదేమిటండీ, ఇంత ముక్క వాసన వస్తోంది?" అని అడిగితే టీచరు గారు నావైపు ఆశ్చర్యంగా చూసి, "వాసనా? నాకేమీ తెలియడం లేదే" అన్నారు. గంటన్నరగా ఆ గాలిలోనే ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పుష్కరాలకు తొమ్మిది మంది తెల్లవార్లూ సుఖంగా పడుకున్న గది అది. కిటికీలు నేనే మూయించాను. బోర్డుల సందుల్లో సిలికాన్ గొట్టం పట్టుకుని నా చేత్తో నేనే పూశాను, ఒక్క చీమ దూరే సందు కూడా లేకుండా. నా ఇంట్లోకి వచ్చిన పరాయి పిల్ల కళ్లు తిరిగి పడిపోయి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఎంత తోసేసినా పోలేదు.

మా మరిది జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. మర్నాడు వచ్చి విని, "వదినా, ఆ ఏసీ బయటి గాలి తేదు. లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది" అన్నాడు. కాగితం తీసి లెక్క వేశాడు. గది లోపలి కొలత పది అడుగులు, పదహారు అడుగులు, ఎత్తు ఎనిమిదిన్నర. అంటే సుమారు 38 ఘనపు మీటర్ల గాలి. కూర్చుని వాయించే మనిషి గంటకు దాదాపు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఐదుగురు కలిసి 100 లీటర్లు. బయటి గాలిలో 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420) చుట్టుపక్కల ఉండేది, గట్టిగా మూసిన ఆ గదిలో గంట తిరిగేసరికి 3,000కు చేరాలి. సాధారణంగా 1,000 దాటితేనే గది ఉక్కగా, మబ్బుగా అనిపిస్తుంది. లెక్క నమ్మబుద్ధి కాక కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు కొన్నాం. తర్వాతి తరగతిలో దాన్ని శ్రుతిపెట్టె పక్కన పెట్టి, అరగంటకోసారి తలుపులు తీసి పిల్లల్ని బయటికి పంపుతూ చూశాం. మొదటి అరగంటకే 1,700 దాటింది. ఆ పిల్లలు బద్ధకించలేదు, వాళ్లకు మంచి గాలి అందలేదు. టీచరు గారు అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్లను దగ్గరికి పిలిచి, "మిమ్మల్ని అనవసరంగా తిట్టానమ్మా" అన్నారు.

తొందరపడి నేను చేసిన మొదటి పని తప్పు. గోడకు ఆరంగుళాల రంధ్రం కొట్టించి మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను. గాలి కదిలింది, దానితోపాటే అంత ఖర్చు పెట్టి ఆపిన శబ్దమంతా బయటికి నడిచి వెళ్లిపోయింది. పక్కింటి పెద్దాయన మళ్లీ గేటు దగ్గరికి వచ్చారు. గోడలో నూరో వంతు ఖాళీ వదిలితే, మిగతా గోడ ఎంత మందమైనా 20 డెసిబెల్‌కు మించి ఆగదట. మాది అంతకంటే చిన్న రంధ్రమే, అయినా గది పరువు తీసింది.

అసలు మందు ఒక చెక్కపెట్టె. గాలి ఒక వైపు దూరి, లోపల మూడు మలుపులు తిరిగి, ఇంకో వైపు బయటికి వస్తుంది. గాలికి మలుపులు పెద్ద అడ్డు కాదు. శబ్దం మాత్రం ప్రతి మలుపులో గోడకు తగిలి, అక్కడ అతికించిన రాక్‌వూల్‌లో ఇంకిపోతుంది. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అలాంటివి రెండు చేయించాం. ఒకటి గాలి లోపలికి రావడానికి, నేలకు దగ్గరగా, జామచెట్టు నీడ ఉన్న వైపు. రెండోది గాలి బయటికి పోవడానికి, ఎదురుగోడ పైభాగంలో. ఫ్యాను రెండో పెట్టెకు అవతల, బయటి చివర బిగించాం కాబట్టి దాని మోత లోపలికి రాదు. దారి ఇరుకైతే గాలి ఈల వేస్తుంది, తంబుర మీటి కూర్చున్నవాళ్లకు అది భరించరానిది. అందుకే లోపలి దారి ఎనిమిదంగుళాలకు పది అంగుళాలు ఉంచాం. మా వడ్రంగి ఇలాంటిది ఎప్పుడూ చేయలేదు. మొదటి పెట్టె మూత బిగించాక దానికి చెవి ఆనించి, అవతలి వైపు తన కొడుకు చేత చప్పట్లు కొట్టించి, "అమ్మా, వాడు కొడుతున్నాడా లేదా?" అని అడిగాడు. ఆ పిల్లవాడు గట్టిగానే కొడుతున్నాడు.

గంటకు 180 ఘనపు మీటర్ల గాలి వచ్చేలా ఫ్యాను ఎంచుకున్నాం, అంటే గదిలో గాలి గంటకు నాలుగు సార్లకు పైగా మారుతుంది. బిగించిన సాయంత్రం అగరువత్తి వెలిగించి గాలి లోపలికి వచ్చే పెట్టె మూతి దగ్గర పట్టుకున్నాను. పొగ నిటారుగా లేచి, ఒక్కసారిగా గదిలోకి వంగి, నెమ్మదిగా ఎదురుగోడ వైపు సాగింది. ఆ పొగ తీగను చూసినంత ఆనందం ఈ గది మొదటి అద్దె చేతికి వచ్చినప్పుడు కూడా కలగలేదు. తర్వాతి తరగతిలో ఆ ఐదుగురే రెండు గంటలు కూర్చుంటే మీటరు 950 దగ్గర నిలిచిపోయింది. టీచరు గారి నోట ఆవలింతల మాట మళ్లీ వినలేదు. ఆ రోజు తల తిరిగిన అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, ఆదివారాలు ఒక్కతే వచ్చి గంటన్నర వాయించుకుని వెళుతుంది.

ఇది అందరికీ చెప్పి చెప్పి మూడేళ్లు గడిచాక, చెప్పకుండా వదిలేసినవి కొన్ని ఉన్నాయి. మే నెలలో 43 డిగ్రీల గాలిని గంటంతా లోపలికి లాగితే ఏసీ మీద భారం పడుతుంది. మా కరెంటు బిల్లు వేసవిలో మూడో వంతు పెరిగింది, దానికి తోడు అద్దెకు ఇస్తున్నాం కాబట్టి మీటరు వాణిజ్యం కిందికి మార్పించుకున్నాం. వానాకాలంలో తడి గాలి వస్తుంది, మృదంగం మూతలు వదులవుతాయి. వాయించేవాళ్లను పావుగంట ముందే రమ్మని, ఏసీని తేమ తీసే పద్ధతిలో పెడుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన వారం మా వీధిలోకి నీళ్లు రాలేదు కానీ, గది తలుపు తీసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఫ్యాను ఆగి ఉంది. పది రోజుల తర్వాత తీస్తే మూలన ఫోమ్ వెనక బూజు పట్టింది. అద్దెకు ఎవరూ రాకపోయినా రోజూ రెండు గంటలు ఫ్యాను నడపాలని అప్పుడు నిర్ణయించుకున్నాను. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీలు మా ఎండలకు గట్టిపడి రెండు సార్లు మార్చాల్సి వచ్చింది. రాత్రి గదిలో టార్చి వెలిగించి పెట్టి, బయటి దీపాలు ఆర్పి తలుపు అంచుల వెంట చూస్తే చాలు, ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ శబ్దం పోతున్నట్టే.

వీణ వాయించేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. మా అత్తగారి నూజివీడు వీణను ఈ గదిలోనే ఉంచేదాన్ని. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి నాలుగు గంటలు రాలేదు. కిటికీలు లేని గది పొయ్యిలా వేడెక్కి, వీణ తీగల కింది మెట్లను నిలబెట్టిన మైనం మెత్తబడి, మూడు మెట్లు ఒరిగిపోయాయి. వీణను ఇప్పుడు ఇంట్లో పూజగది పక్కన పెడుతున్నాను.

చేయించుకోవచ్చా అని అడిగేవాళ్లకు నా పరిస్థితి చెప్పడం తప్ప తీర్పు చెప్పలేను. ఇల్లు మాది, అప్పు చేయలేదు, రెండు వైపులా వీధి ఉన్న మూల స్థలం, పక్కింటాయనకు సంగీతం ఇష్టం. నెలకు యాభై అరవై గంటలు గది నిండినా మాకు సరిపోతుంది. వాయిదాలు కట్టుకుంటూ, అపార్టుమెంటు కింద షెడ్డులో చేయాలనుకునేవాళ్లకు నా లెక్కలు పనికిరాకపోవచ్చు. కానీ ఎవరు కట్టుకున్నా బోర్డుల ఖర్చు లెక్క వేసే రోజే గాలి పెట్టెల ఖర్చు కూడా వేసుకోండి. మాకు రెండు పెట్టెలు, ఫ్యాను, కూలీ కలిపి ముప్పై వేలలోపే అయ్యింది, ముందే అనుకుని ఉంటే గోడ మళ్లీ పగలగొట్టే పని తప్పేది. పెట్టె బయటి మూతికి సన్నటి జల్లెడ వేయించండి. పక్క పలక ఒకటి స్క్రూలు విప్పకుండా తెరిచేలా పెట్టించండి. నేను పెట్టించలేదు. లోపల కందిరీగలు మట్టిగూడు కడితే తీయడానికి రెండు సార్లు పెట్టె మొత్తం విప్పాల్సి వచ్చింది, రెండో సారి లోపలి రాక్‌వూల్ కూడా చిరిగిపోయింది.